జంషెడ్‌పూర్ పునాదుల కింద

పురావస్తు తవ్వకాలనగానే మనకు హరప్పా, నాగార్జునకొండ గుర్తుకొస్తాయి. నూరేళ్ల నాటి మట్టిని చరిత్రగా లెక్కవేయడం మనకు అలవాటు లేదు. అయితే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కోరేది వందేళ్ల వయస్సు మాత్రమే. జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు తయారైంది 1912లో. అంటే ఆ నగరపు తొలి పొర ఆ గీత దాటి దశాబ్దం గడిచింది.

1902లో జంషెట్‌జీ టాటా తన కుమారుడు దొరాబ్‌కు రాసిన లేఖలో విశాలమైన వీధులు, నీడనిచ్చే చెట్లు, అన్ని మతాలకూ ప్రార్థనా స్థలాలు ఉన్న నగరాన్ని ఊహించారు. అందుకు తగిన చోటు ఆయన మరణానంతరం సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద, సాక్చిలో దొరికింది. 1908లో నిర్మాణం మొదలైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది.

అడవిని నగరంగా మార్చారన్నది మనం వింటూ వచ్చిన కథ. కానీ సాక్చి, సోనారి, కద్మా, జుగ్సలాయి అన్నవి ఊళ్ల పేర్లు. ఊరికి పేరుందంటే అక్కడ పొలం, పొయ్యి, శ్మశానం ఉన్నట్టే. ఆదివాసీ భూముల బదిలీకి కళ్లెం వేసిన ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం సరిగ్గా 1908లోనే వచ్చింది. ఒకే ఏడాది, ఒకే నేల మీద రెండు పునాదులు పడ్డాయి. వాటిలో ఒకటే మనకు కనిపిస్తోంది.

ఆ పైపొర కూడా అందరిదీ ఒకటి కాదు. విదేశీ నిపుణుల బంగళాల వివరాలు నగర ప్రణాళికల్లో ఉన్నాయి. 1920, 1922, 1928 సమ్మెలు ప్రభుత్వ దస్త్రాలకెక్కాయి. దేశం నలుమూలల నుంచీ, మన కోస్తా జిల్లాల నుంచీ తరలివచ్చిన కూలీలు ఏం తిన్నారు, ఎలాంటి గుడిసెల్లో బతికారు అన్నవి మాత్రం ఏ దస్త్రమూ పూర్తిగా చెప్పదు. పగిలిన కుండ, బూడిద గుంట, ఇటుక ముక్క చెప్పగలవు.

1991లో న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ భవనం కోసం నేల తవ్వుతుండగా వలస పాలన కాలపు ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. నాలుగు వందలకు పైగా మానవ అవశేషాలు దొరికాయి. బానిసత్వం దక్షిణాది రాష్ట్రాలకే పరిమితమన్న భ్రమ ఆ మట్టి ముందు నిలవలేదు. నల్లజాతి పౌరులు ఆందోళన చేసి పనులు ఆపించారు. 2006లో అది జాతీయ స్మారకమైంది.

జంషెడ్‌పూర్‌లో నేటికీ లీజు, బస్తీల హక్కులు, ఎన్నికైన నగరపాలక సంస్థ అన్నవే రాజకీయ వివాదాలు. ప్రతి వివాదం అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ నేల ముందు ఎవరిది? దానికి కాగితాలు ఒక పక్షం సాక్ష్యమే ఇస్తాయి. పెద్ద నిర్మాణానికి అనుమతి ఇచ్చే ముందు పురావస్తు పరిశీలనను తప్పనిసరి చేస్తే, రెండో పక్షానికీ వాంగ్మూలం దక్కుతుంది. అంతవరకూ ప్రతి కొత్త పునాదీ ఆ సాక్షిని మరింత లోతున పూడుస్తూనే ఉంటుంది.