నాగార్జునకొండలో డయొనైసస్
మాది మాచర్ల. మా చేలల్లో పత్తి, మిరప తప్ప ద్రాక్షతీగ ఎరగం. అయినా ద్రాక్షసారా దేవుడు మా దగ్గరికొచ్చాడు! నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల ప్రాసాదస్థలంలో దొరికిన స్తంభం మీద గడ్డపాయన, నడుముకు పైన బట్ట లేకుండా, కొమ్ముపాత్ర పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే మద్యభాండం. పండితులు ఈయన గ్రీకుల ద్రాక్షసారా దేవుడు డయొనైసస్ అన్నారు. ఎలా వచ్చాడంటారా? నాగార్జునకొండ లోయలోనే రోమన్ చక్రవర్తి టైబీరియస్ బంగారు నాణెం దొరికింది. సరుకుతోపాటు బొమ్మలూ ప్రయాణిస్తాయి. ఈ దేవుడి పరివారాన్నే 17వ శతాబ్దంలో చిత్రకారుడు రూబెన్స్ తన బొమ్మల్లో బొజ్జలతో, ద్రాక్షగుత్తులతో తూలించాడు. నాకు మాత్రం మావాడే నచ్చుతాడు, తాగినా తూలడు. అక్కడ ద్రాక్ష సమృద్ధికి గుర్తు; అది చెప్పడానికి మన శిల్పులకు ద్రాక్షతో పనేముంది? అమరావతి స్తూపం పలకల మీద పూర్ణఘటాల నిండా తామరలే.