పిల్లల దగ్గు: ఎప్పుడు ఇంట్లో చూసుకోవచ్చు, ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి?

వానలు, చలి మొదలైతే మన ఇళ్లలో పసిపిల్లల దగ్గు మామూలే. గొంతులోని కళ్లెను బయటికి నెట్టడానికి శరీరం చేసే పనే దగ్గు. జలుబుతో వచ్చినది చాలామందిలో రెండు మూడు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. బిడ్డ ఆడుకుంటూ, తింటూ ఉంటే కంగారు అక్కరలేదు.

ఊపిరి లెక్క

దగ్గు చప్పుడు కంటే ఊపిరి ముఖ్యం. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండానో ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టాలి. 2 నెలల లోపు బిడ్డకు 60, 2 నెలల నుంచి ఏడాది లోపు 50, 1 నుంచి 5 ఏళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే నిమోనియా అనుమానించి అదే రోజు డాక్టరుకు చూపాలి.

వెంటనే ఆసుపత్రికి

డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం వద్దు. 108కి ఫోన్ చేయాలి. వేరుశనగ గింజో, బటానీయో నోట్లో ఉండగా ఉన్నట్టుండి దగ్గు పట్టుకున్నా అంతే. 2 నెలల లోపు బిడ్డకు దగ్గుతో జ్వరం ఉంటే ఇంటి వైద్యం చేయకూడదు.

దగ్గు తీరు

కుక్క మొరిగినట్టున్న దగ్గు, పిల్లికూతలు, దగ్గి దగ్గి చివర కూత పెట్టినట్టు ఊపిరి లాగే కోరింత దగ్గు, వీటిని డాక్టరుకు చూపాలి. కోరింత దగ్గు టీకా 6, 10, 14 వారాలకు, తర్వాత 16–24 నెలలకు, 5–6 ఏళ్లకు వేస్తారు. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, బరువు తగ్గుతుంటే క్షయ పరీక్ష చేయించాలి.

చేయదగ్గవి, కూడనివి

తల్లిపాలు, గోరువెచ్చని నీళ్లు మంచివి. ఏడాది దాటిన పిల్లలకు కాస్త తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు ఇవ్వకూడదు. ముక్కులో నూనె పోయడం, ఛాతీకి కర్పూరం రాయడం, గదిలో సాంబ్రాణి పొగ వేయడం మన పెద్దలకు అలవాటే కానీ పసివాళ్లకు ప్రమాదం.

2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగిన పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు తేలింది. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, 2 ఏళ్ల లోపు వారికి దగ్గు, జలుబు మందులు ఇవ్వవద్దనీ, 5 ఏళ్ల లోపు వారికి సాధారణంగా తగవనీ చెప్పింది. షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పెద్దల సిరప్ పిల్లలకు తగ్గించి పోయవద్దు.

డాక్టరు దగ్గర

పగలు బిడ్డ దగ్గర ఉండేది ఎక్కువగా అమ్మమ్మ, నానమ్మలే. వారికి తెలుగే బాగా వచ్చు. దగ్గును తమిళంలో ఇరుమల్, కన్నడంలో కెమ్ము, మరాఠీలో ఖోకలా, ఒడియాలో కాశ అంటారు. దగ్గు మొదలైన తేదీ, జ్వరం, ఊపిరి లెక్క, ఇచ్చిన మందు పేరు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచమని మా మనవి. అంకెలకు భాష అడ్డం రాదు.