సంఖ్యాబలం – వ్యక్తి హక్కు

ప్రజాస్వామ్యంలో అధిక సంఖ్యాకుల నిర్ణయమే శిరోధార్యం. ఎక్కువ మంది ఎన్నుకున్నవారు పాలిస్తారు; ఎక్కువ మంది సభ్యులు ఆమోదించిన బిల్లు చట్టమవుతుంది. రాజు మాటే శాసనమైన కాలంతో పోల్చి చూస్తే ఇది మానవజాతి సాధించిన ఘనవిజయం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది మంది ఒకవైపు నిలిచినప్పుడు, మిగిలిన ఆ ఒక్కరి గతి ఏమిటి? ఒక్కడి నిరంకుశత్వం పోయి పదిమంది నిరంకుశత్వం వచ్చినదని అతడు వాపోకుండా ఉండాలంటే ఏ రక్షణ కావాలి? ఈ ప్రశ్న రెండు దేశాలలో బడిపిల్లల మూలంగానే అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళడం గమనార్హం.

మొదటిది అమెరికా. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖకు చెందిన పిల్లలు కొందరు, దైవానికి తప్ప అన్యులకు వందనం కూడదన్న విశ్వాసంతో, పాఠశాలలో జాతీయ పతాకానికి వందనం చేయలేదు. వారిని బడి నుండి తొలగించారు. 1940లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఎనిమిది మంది న్యాయమూర్తుల అంగీకారంతో ఆ తొలగింపును సమర్థించింది. జస్టిస్ స్టోన్ ఒక్కరే విభేదించారు. ఆ తీర్పు తరువాత ఆ శాఖవారిపై పలుచోట్ల దాడులు జరిగాయి. మూడేళ్ళు తిరిగేసరికి, రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగానే, అదే న్యాయస్థానం తన తప్పును సరిదిద్దుకున్నది. 1943 జూన్ 14న వెలువడిన తీర్పులో, ప్రాథమిక హక్కులు ఓట్ల లెక్కింపుపై ఆధారపడరాదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ స్పష్టం చేశారు.

రెండవది భారతదేశం. కేరళలో అదే శాఖకు చెందిన ఒక కుటుంబంలోని ముగ్గురు పిల్లలు ఒకే పాఠశాలలో చదువుకునేవారు. ప్రతి ఉదయం జాతీయగీతం పాడే వేళ అందరితోపాటు లేచి గౌరవంగా నిలబడేవారు. కాని గొంతు కలిపేవారు కాదు. వారి అక్కలు కూడా అదే బడిలో అలాగే నిలబడి చదువు ముగించారు. ఎన్నో ఏళ్ళపాటు ఎవరూ దానిని తప్పుగా భావించలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడు ఈ విషయాన్ని సభలో లేవనెత్తారు. విచారణకు కమిషన్ ఏర్పడింది. పిల్లలు క్రమశిక్షణ గలవారనీ, జాతీయగీతాన్ని అగౌరవపరచలేదనీ ఆ కమిషన్ తేల్చినట్లు తరువాత కోర్టుకు తెలియవచ్చింది. అయినప్పటికీ పాఠశాలల డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆదేశం మేరకు, జూలై 26న ప్రధానోపాధ్యాయురాలు వారిని బడి నుండి తొలగించారు.

రాష్ట్ర హైకోర్టులో వారికి ఊరట లభించలేదు. గీతంలోని ప్రతి పదాన్నీ పరిశీలించామనీ, ఎవరి మతవిశ్వాసాన్నీ నొప్పించే మాట అందులో లేదనీ హైకోర్టు భావించింది. సుప్రీంకోర్టు ఆ ప్రశ్ననే అంగీకరించలేదు. 1986 ఆగస్టు 11న జస్టిస్ ఎం. ఎం. దత్‌తో కూడిన ధర్మాసనం పక్షాన తీర్పు వెలువరించినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఒక విశ్వాసం ఇతరుల బుద్ధికి సమంజసంగా తోస్తుందా లేదా అన్నది కాదు, ఆ వ్యక్తి దానిని నిజాయితీతో నమ్ముతున్నాడా లేదా అన్నదే చూడవలసినదని ఆయన నిర్ణయించారు. లేచి నిలబడటమే గౌరవమనీ, పాడి తీరాలని నిర్బంధించే చట్టమేదీ లేదనీ, శాఖాపరమైన సర్క్యులర్లతో 19, 25 అధికరణాలు ప్రసాదించిన భావప్రకటన, మత స్వేచ్ఛలను హరించడానికి వీలులేదనీ తేల్చి, పిల్లలను తిరిగి చేర్చుకోవలసిందిగా ఆదేశించారు. అత్యల్ప సంఖ్యాకులకు సైతం రాజ్యాంగపు నీడలో తమ స్థానం దొరకడమే నిజమైన ప్రజాస్వామ్యానికి గీటురాయి అన్నది ఆ తీర్పు సారాంశం.

అత్యధికుల మనోభావాలకు ఎదురొడ్డి ముగ్గురు పిల్లలు నెగ్గగలిగారంటే అందుకు మూలం రాజ్యాంగ నిర్మాణంలోనే ఉన్నది. ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదని 13వ అధికరణం చెబుతున్నది. ఆ హక్కుల కోసం సామాన్యుడు నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే వీలును 32వ అధికరణం కల్పించింది. డాక్టర్ అంబేద్కర్ 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో ఈ అధికరణాన్నే రాజ్యాంగానికి ఆత్మగా, హృదయంగా అభివర్ణించారు. ఎన్నికలలో గెలిచినవారికి పాలించే అధికారం లభిస్తుంది. ఓడినవారి అంతరాత్మపై మాత్రం వారికి అధికారం లభించదు.

ఈ చరిత్ర ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగువారికి పరాయిది కాదు. సొంత భాషను కాపాడుకునే హక్కును 29వ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకునే హక్కును 30వ అధికరణం ప్రసాదించాయి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఏడవ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం, అటువంటి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించడానికి కృషి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇవేవీ ఆయా రాష్ట్రాలలో తెలుగువారి ఓట్లు ఎన్నో లెక్కించి ఇచ్చినవి కావు. సంఖ్య చాలనివారికే ఇవి అండ.

అయితే అండ పొందినవారికి బాధ్యత కూడా ఉంటుంది. రాష్ట్రంలో అల్పసంఖ్యాకులైనవారే తమ పాఠశాల ఆవరణలో అధికసంఖ్యాకులు కావచ్చు. అక్కడ అందరిలా తినని, అందరిలా మొక్కని, ఇంట వేరే భాష మాట్లాడే పిల్లవాడు ఒక్కడే ఉండవచ్చు. కేరళ పిల్లల విషయంలో తొలగింపు ఉత్తర్వు చివరికి వెలువడినది న్యాయస్థానం నుండి కాదు, బడి నుండే. ఆ ఉత్తర్వును రద్దు చేయించడానికి ఏడాదికి పైగా పట్టింది. తరగతి గదిలోని ఉపాధ్యాయుడు, పాలకవర్గంలోని పెద్దలు ఆ ఒక్కని మౌనాన్ని అర్థం చేసుకోగలిగిన నాడు ఏ పిల్లవాడూ తన హక్కు కోసం న్యాయస్థానం మెట్లు ఎక్కవలసిన అవసరం రాదు.