గ్రామ గ్రంథాలయములును నూతన గ్రంథములును

గ్రంథాలయముల చరిత్రమును వ్రాయువారు సాధారణముగా స్థాపన సంవత్సరమును, భవనమునకు శంకుస్థాపన చేసిన మహనీయుని పేరును, బీరువాలలోని పుస్తకముల సంఖ్యను దెలిపి తృప్తి నొందుచుందురు. ఈ మూఁటివలన గ్రంథాలయ మెట్లు పుట్టెనో తెలియును గాని యెట్లు జీవించెనో తెలియదు. అది తెలియవలెనన్నచో దాని చేర్పు పట్టికను జూడవలెను. వాడుకలో అక్సెషన్ రిజిస్టరనఁబడు నీ పుస్తకమున, వచ్చిన ప్రతి గ్రంథమునకును వరుససంఖ్య, వచ్చిన తేది, గ్రంథకర్త పేరు, గ్రంథనామము, ముద్రణస్థానము, వెల, కొన్నదో దానముగా వచ్చినదో యను వివరము వ్రాయఁబడును. ఆ సంఖ్యయే ముఖపత్రము వెనుకను, గ్రంథాలయమువారు తమకుఁ దాము నియమించుకొనిన యొక లోపలి పుటయందును ముద్రతోఁ గూడ వేయఁబడును. ముఖపత్రము చినిఁగిపోయినను లోపలి ముద్ర దొంగను బట్టియిచ్చునని దీని యుద్దేశము. ఏ యేఁట నెన్ని సంఖ్యలు పెరిగెనో, ఏ యేఁట నొక్కటియుఁ బెరుగలేదో, ఎవరి చేతివ్రాత యెక్కడ నాఁగిపోయెనో యీ పట్టికయే చెప్పఁగలదు.

తొలుత నాంధ్రదేశమున నిట్టి సంస్థలకుఁ బుస్తక భాండాగారములని పేరు. 1914వ సంవత్సరము ఏప్రిలు నెలలో బెజవాడయందుఁ జిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను జరిగిన ప్రతినిధుల సభలోఁ బుట్టిన సంఘము సయితము ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమనియే పిలువఁబడెను. గ్రంథాలయ శబ్దము పిదప స్థిరపడినది. భాండమనఁగాఁ బాత్రము, సరకు, మూలధనము. కావున భాండాగారము సరకు దాఁచు కొట్టు. దానికిఁ దలుపును దాళమును బ్రధానములు. ఆలయ శబ్దమో, ఆఙ్పూర్వకమగు లీ ధాతువునుండి వచ్చినది. అంటియుండుట, ఒదిగియుండుట యని దాని భావము. నివాసమునకు వచ్చువారును బోవువారును గావలెను. పేరు మాఱుటకు శబ్దసౌష్ఠవమే కారణమైనను గావచ్చును గాని, మాఱినది మేలే యైనది.

నూతన శబ్దముంగూర్చియు నొకమాట చెప్పవలసియున్నది. నవ శబ్దమునకు నూ యను నాదేశమును, త్నప్, తనప్, ఖ యను ప్రత్యయములును విధించి వార్తికకారుఁడు నూత్న, నూతన, నవీన శబ్దములను సాధించెను. ప్రత్యయములు స్వార్థమున వచ్చినవి గాన మూఁడు రూపములకును నవమనియే యర్థము. ప్రత్యయము చేరినంత మాత్రమునఁ గ్రొత్తదానికిఁ గ్రొత్తదనము పెరుగలేదు. గ్రామ గ్రంథాలయమునకు వచ్చిన నూతన గ్రంథములఁ గూర్చి విచారించునప్పు డీ చమత్కారము జ్ఞప్తియం దుంచుకొనఁదగినది. నిన్న ముద్రితమగుటచేతనే గ్రంథము నూతనము గాదు. ఆ యూరి చదువరికి అదివఱకు లభింపనిది నూతనము. ఆంధ్రదేశపు గ్రంథాలయోద్యమ మీ యర్థమును గ్రహించి నడచినంతకాలము వర్ధిల్లెను.

1901వ సంవత్సరమున హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపింపఁబడెను. దానికై పాటుపడినవారిలోఁ గొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును రావిచెట్టు రంగారావుగారును ముఖ్యులు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలోను వీరిరువు రుండిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారును అయ్యదేవర కాళేశ్వరరావుగారును వారితోఁ గలిసి పనిచేసిరి. గ్రంథాలయమును స్థాపించినవారే యైదేండ్లకు గ్రంథమాలను స్థాపించుట కాకతాళీయము గాదు. అరలు సిద్ధపఱచినపిమ్మట వానిలో నుంచుటకుఁ దెలుఁగున నేమున్నదని చూచినచోఁ గావ్యములును, బురాణములును, శతకములును, వ్యాకరణములునుఁ గలవు. దేశచరిత్రమును, బ్రకృతిశాస్త్రములును దాదాపు శూన్యములు. ఆంగ్లము రాని గ్రామస్థునకు లోకవృత్తాంతము తెలియు మార్గములేదు. మండలివారు 1907లో వెలువరించిన తొలి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. వెంటనే లక్ష్మణరావుగారి హిందూ మహాయుగము వచ్చెను. 1910లోఁ జిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము వెలువడెను. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, వృక్షశాస్త్రము మొదలగువానికిఁ దెలుఁగు పుస్తకములు గలిగెను.

ఈ గ్రంథమాలల పద్ధతి గ్రామ గ్రంథాలయములకు మిక్కిలి యనుకూలించినది. శాశ్వత చందాదారుగాఁ జేరిన గ్రంథాలయమునకుఁ బుస్తకము వెలువడినప్పుడెల్లఁ దపాలాలో వి.పి. కట్టగా వచ్చును. సొమ్ము చెల్లించి కట్టను విడిపించుకొనవలెను. చేతిలో సొమ్ములేని నెలలోఁ గార్యదర్శి పాట్లు చెప్పనలవి గాదు. సభ్యుల యిండ్లకుఁ బోయి బేడలును, అణాలును బోగుచేయవలసినదే. కట్ట తిరిగిపోయినచో నూరి మర్యాద పోవునను పట్టుదలయే పలు తావులఁ బుస్తకములను నిలిపినది. చందా యిచ్చినవాఁడే చదువరి, చదువరియే యెన్నిక చేయువాఁడు. పుస్తకము వచ్చుననియు నేది వచ్చుననియు ముందే తెలిసి యెదురుచూచువారు పదిమంది యూరిలో నుండిరి. ఈ యెదురుచూపు నే శాసనమును గలిగింపఁజాలదు.

పండితులలోఁ గొందఱీ క్రొత్త పుస్తకములను సంతోషముతో నాదరింపలేదనుట సత్యము. ముఖ్యముగా నవలలపై వారికిఁ గినుక. యువకులు భారత భాగవతములను విడిచి కల్పితకథల పాలగుచున్నారనియు, గద్యము శైథిల్యము నొందుచున్నదనియు నాక్షేపించిరి. శైలిని గూర్చిన యాక్షేపణలో సగము న్యాయము గలదు. కాని నవలకై గ్రంథాలయపు గడప నెక్కినవాఁడు నవల దొరకనిదినమునఁ జరిత్రమునో, జీవశాస్త్రమునో చేఁబట్టుననుట నా పండితులు గుర్తింపరైరి. మండలివారు గుర్తించిరి. వారు నవలలకుఁ బోటీలు పెట్టి బహుమానము లిచ్చి రాణీ సంయుక్త, విమలాదేవి వంటి చారిత్రక నవలలను వ్రాయించిరి. కథకొఱకుఁ జదివినను జరిత్రము కొంత యంటునని వారి యూహ.

అంతకంటె విచిత్రమైన విషయము వేఱొకటి గలదు. ఆ కాలమున గ్రామములకు వచ్చిన నూతన గ్రంథములలోఁ గొన్ని వాస్తవముగా మిక్కిలి ప్రాఁతవి. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని కుమారసంభవమును బ్రకటించువఱకు నా కవి పేరు సయితము సామాన్య పాఠకునకుఁ దెలియదు. కవి కాలమును గూర్చి వివాదములు పుట్టి యేండ్లకొలఁది సాగినవి. తాళపత్రములలోఁ శతాబ్దములు దాఁగియున్న కావ్య మొకనాఁడు తపాలాకట్టలో నూతన గ్రంథమై చేర్పు పట్టిక కెక్కినది. అట్లే కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్ర గ్రంథమాలలో 1926వ సంవత్సరమునఁ బాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో వెలువడెను. ద్విపద చదువుటకంటె వినుటకుఁ దగిన ఛందస్సు. చదువురానివారికిఁ జదివి వినిపించు నాచారమున్న గ్రంథాలయమున నిట్టి పుస్తకము, బీరువాలోనున్న ప్రతు లెన్ని యని లెక్కించువారి లెక్కకు నందదు. ఒక ప్రతి, నలువదిమంది శ్రోతలు.

సొమ్ము చాలనిచోటఁ బుస్తకమును గొనుటకు మాఱుగాఁ ద్రిప్పుట మేలను నూహ పుట్టినది. 1935వ సంవత్సరమున గుంటూరు మండలమునఁ బాతూరి నాగభూషణముగారు కృష్ణకాలువపైఁ గొల్లూరునకును బెదవడ్లపూడికిని నడుమ పడవలో గ్రంథాలయమును నడిపిరి. కాలువ యొడ్డునఁ బడవ యాఁగును. ఊరివారు తెచ్చిన పుస్తకము నిచ్చి వేఱొకటి గొనిపోవుదురు. ఒక యూర నందఱును జదివిన పుస్తకము మఱునాఁడు దిగువ యూర నూతన గ్రంథమగును. పుస్తకము క్రొత్తదనము నీటితోఁబాటు దిగువకుఁ బ్రవహించినదని చెప్పవచ్చును. వ్యయములేక నూతన గ్రంథములను సంపాదించుట కింతకంటె నుపాయము మఱొకటి కానరాదు. షియాళి రామామృత రంగనాథన్‌గారు 1931లోఁ బ్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో మొదటిది, పుస్తకములు వినియోగముకొఱకనునది. ఆ సూత్రమునకుఁ గాలువలోఁ దేలు నీ పడవయే చక్కని వ్యాఖ్యానము.

నిజాము రాష్ట్రమునఁ బరిస్థితి వేఱు. రాజభాష ఉర్దూ, తెలుఁగు సభలకే యనుమతి కావలసినచోఁ దెలుఁగు గ్రంథాలయమును శంకతోఁ జూచువా రుండుట వింతగాదు. ఆ రాష్ట్రమున 1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు సికిందరాబాదునందు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, వెలువడిన పుస్తకములను దామే మోసికొని యూరూరఁ దిరిగి విక్రయించిరి. ప్రకాశకుఁడును, విక్రేతయు, వాహకుఁడును నొక్కఁడే. గ్రామమునకు నూతన గ్రంథము వచ్చుటకు నడుమ నెన్ని యడ్డంకులు గలవో యీ యొక్క యుదాహరణమే చూపఁగలదు.

స్వాతంత్ర్యానంతరము కార్యము ప్రభుత్వము చేతికి వచ్చినది. 1948 నాఁటి మద్రాసు ప్రజాగ్రంథాలయ శాసనము స్వతంత్ర భారతమునఁ దొలి గ్రంథాలయ శాసనము. 1960లో ఆంధ్రప్రదేశ్ శాసనము వచ్చి జిల్లా గ్రంథాలయ సంస్థలను, వాని క్రింద శాఖాగ్రంథాలయములను నెలకొల్పినది. ఇంటిపన్నుతోఁబాటు గ్రంథాలయపు పన్నును వసూలుచేయు నేర్పా టీ శాసనముదే. నేఁ డది రూపాయికి ఎనిమిది పైసలు. 1972లోఁ గలకత్తాయందు స్థాపితమైన రాజా రామమోహనరాయ గ్రంథాలయ ప్రతిష్ఠానమును బుస్తకసహాయము చేయుచున్నది. దీనివలనఁ గలిగిన మేలు సామాన్యమైనది గాదు. గ్రంథాలయాధికారికి జీతమును, బల్లపై దినపత్రికయు సిద్ధించినవి. ఒక కార్యదర్శి మరణముతోఁ దలుపులు మూఁతపడు దుర్గతి తప్పినది. చందా యీయలేని కూలివానికిని గడప దాఁటు హక్కు గలిగినది.

ఐనను నష్టమొకటి వచ్చినది. పన్ను నిచ్చువాఁ డొకచోటను, బుస్తకముల నెన్నుకొనువా రొకచోటను, జదువువాఁ డొకచోటను నైరి. పన్ను వసూలైనను గ్రంథాలయమును జేరుటలో జాప్యము గలుగుచుండును. చేరినపిదప జిల్లా కేంద్రమునఁ గొనఁబడిన పుస్తకములు కట్టలుగా శాఖలకు వచ్చును. ఎవరు నడిగినవి గావు, ఎవరు నెదురుచూచినవి గావు. చేర్పు పట్టికలో నొకేదినమున నూఱు సంఖ్యలు పెరుగును. పాఠకుల యెరువు పట్టికలో మాత్ర మవి కనఁబడవు. నేఁటి శాఖాగ్రంథాలయములకు వచ్చు యువకులలోఁ బెక్కండ్రు పోటీపరీక్షల పుస్తకములకై వచ్చువారు. వారిని జూచి పెదవి విఱుచుట వెనుకటి పండితులు నవలా పాఠకులను జూచి పెదవి విఱిచినట్టిదే. ఉద్యోగమునకై వచ్చినవాఁడు కూర్చున్న బల్లకెదుట మంచి చరిత్ర గ్రంథము నుంచునట్టి నేర్పు గ్రంథాలయాధికారి కుండవలెను. ఉంచుటకా గ్రంథమును గావలెను. సూచనల పుస్తకమున నూరివారు వ్రాసిన పేర్లలోఁ గొన్నియైనను బ్రతి సంవత్సరము కొనఁబడునను నియమము పాటింపఁబడినచో నీ లోపము చాలవఱకుఁ దీఱును. వ్యయమధికము గాదు, కావలసినది యడుగు నలవాటు మాత్రమే.

నూతన గ్రంథముల రాకవలన వేఱొక చిక్కు గలదు. అరలు పరిమితములు. క్రొత్తవి వచ్చినప్పుడు ప్రాఁతవానిలో జీర్ణములైనవానిని వేఱుచేసి, పట్టికయందు వానిసంఖ్యలను గొట్టివేసి తొలఁగింపవలసివచ్చును. పరీక్షల పుస్తకము పాఠ్యక్రమము మాఱఁగానే నిరుపయోగమగును. దానిని దీసివేయుటలో దోషములేదు. కాని తొలఁగించువానికి 1910 నాఁటి ప్రథమ ముద్రణమును, నాలుగేండ్లనాఁటి ప్రశ్నల సంపుటమును నొక్కతీరున చినిఁగిన యట్టలుగానే కనఁబడుట భయంకరము. అట్టలేనిదానికే ప్రాచీనత హెచ్చుగా నుండునని యెఱిఁగినవాఁడు కత్తెరపట్టిన చేతి ప్రక్క నుండవలెను. ముద్రితమైన తెలుఁగు పుస్తకమునకుఁ దాళపత్రమునకున్న యాయువు లేదు. ఆ కాలపుఁ గాగితము నలువైపుల నెఱ్ఱవాఱి, పుట త్రిప్పఁగానే విఱుగుచున్నది.

ఇందులకుఁ బ్రతిగా వేటపాలెము సారస్వత నికేతనమును జెప్పవలెను. చీరాల చెంతఁ జేనేతవారి మగ్గముల నడుమనున్న యీ గ్రామమున 1918వ సంవత్సరమున ఊటుకూరి వేంకట సుబ్బరాయశ్రేష్ఠిగారి పూనికతో హిందూ యువజన సంఘమువారి పక్షమునఁ జిన్న గ్రంథాలయము వెలసినది. 1929లో గాంధిమహాత్ముఁడు భవనమునకు శంకుస్థాపన చేసెను. అప్పటినుండి గ్రామము మూఁడు జిల్లాలను జూచినది: గుంటూరు, 1970 పిదపఁ బ్రకాశము, 2022 మొదలు బాపట్ల. గ్రంథాలయము మాత్ర మచ్చటనే యున్నది. అచ్చటివారు నూతన గ్రంథములను జేర్చుచునే వచ్చిరి. అంతకంటెఁ జెప్పఁదగినది, ప్రాఁతవానిని బాఱవేయకుండుట. ముఖ్యముగా దినపత్రికలను, మాసపత్రికలను సంవత్సరక్రమమునఁ గుట్టించి భద్రపఱచిరి. దినపత్రికకంటె నూతనమైనది లేదు, దానికంటె శీఘ్రముగాఁ బ్రాఁతవడునదియు లేదు. ఉదయమునఁ దగవులాడి చదివినదానిని సాయంకాలము పచారుకొట్టువాఁడు పొట్లము గట్టును. అట్టిదానికిఁ గుట్టుకూలి యిచ్చి, యట్ట వేయించి, చీడపట్టకుండ నేండ్లకొలఁదిఁ గాపాడుట కెంత యోపిక కావలెనో, గ్రామముననే పెరిగినవారి కెఱుక.

నేఁ డా గ్రామమునకుఁ బోవు యాత్రికుల కచ్చట దాఁచియుంచిన గాంధిమహాత్ముని చేతికఱ్ఱను జూపుదురు. దూరదేశములనుండి వచ్చు పరిశోధకులు కఱ్ఱను జూచి నమస్కరించి, లోపలి గదిలోఁ గుట్టించియుంచిన ప్రాఁత పత్రికల సంపుటముల నడుగుచున్నారు. మఱియెచ్చటను దొరకని సంచికను దెఱచినవానికి నూఱేండ్లనాఁటి వార్త యాదినముననే వచ్చినట్లుండును.