నడిమి యింటి రాబడి

కృష్ణా డెల్టాలోని పల్లెటూరి కుటుంబము ఏ కాలమున ఎంత సంపాదించెనను ప్రశ్న తేలికగ దోచును. దానికి బదులీయవలసిన లెక్క మాత్రము మన కచేరీలలో ఏనాడును పూర్తిగ వ్రాయబడలేదు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున సమాహర్త క్రింద గోపుడను ఉద్యోగి నొకని పేర్కొని, ఐదో పదియో గ్రామముల లెక్క అతని కప్పగించినాడు. పొలముల యెల్లలతోపాటు ఇంటింట నెందరున్నారు, ఏమి వృత్తి చేయుదురు, వారి ఆయమెంత, వ్యయమెంత అనునదియు అతడు వ్రాసికొనవలెను. ఇది ఎంతవరకు ఆచరణలో నుండెనో వేరు మాట. ప్రశ్న మాత్రము సరియైనదే. ఆంగ్లేయుల నాటి గ్రామలెక్కలో ఆ ప్రశ్నయే లేదు. అడంగలు సర్వే నంబరును, విస్తీర్ణమును, పైరును చెప్పును; పొయ్యిమీది కుండను గూర్చి చెప్పదు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప మాగాణి పెరిగినది, సిస్తును పెరిగినది. నేలకు తరములు కట్టి, ఎకరమున పండు ధాన్యము నంచనా వేసి, దానికి ధర కట్టి, సేద్యపు ఖర్చులు తీసివేసి, మిగిలిన నికరాదాయములో సగమును సర్కారు భాగముగ నెంచుట 1864 తరువాతి చెన్నపట్టణపు బందోబస్తు పద్ధతి. ఇదియు ఆదాయపు లెక్కయే. కాని అది ఎకరముయొక్క ఆదాయము, ఇంటిది కాదు. ఆసామి పేరు పట్టాలో నుండును. ఆ పొలమును దున్నిన పాలేరుకు ముట్టిన ధాన్యము సేద్యపు ఖర్చులలో జేరిపోవును. అనగా ఒక కుటుంబముయొక్క యావజ్జీవనాధారము ఆ చిట్టాలో తీసివేతగా మాత్రమే కానవచ్చును! ఊరిలో సగముకంటె ఎక్కువ యిండ్లకు సొంత భూమి లేని డెల్టా గ్రామములలో ఇది చిన్న లోపము కాదు.

దేశము మొత్తముమీద లెక్కలు వేసినవారు లేకపోలేదు. దాదాభాయి నౌరోజీ తలకు సాలుకు 20 రూపాయలనెను. 1901లో కర్జన్ ప్రభువు 30 రూపాయలనెను. ఇరువురిదియు సరాసరియే. సరాసరి యెంత మోసకారియో ఊహామాత్రమైన పదునొకండు యిండ్ల పల్లెతో చూపవచ్చును. ఐదిండ్లకు ఏటికి 50 వేలు, ఒక యింటికి 60 వేలు, నాలుగిండ్లకు లక్ష చొప్పున, ఒక్క మోతుబరి యింటికి 12 లక్షలు వచ్చుననుకొందము. సరాసరి 1,73,000 దాటును. పదునొకండింటిలో పదియిండ్లు ఆ అంకెను అందుకొననే లేవు. ఇండ్లను రాబడి వరుసను నిలిపినచో నడుమ నుండు ఆరవ యింటిది 60 వేలు. దీనినే గణితజ్ఞులు మధ్యగతమందురు. సరాసరికి మొత్తమును, ఇండ్ల సంఖ్యయు దెలిసిన చాలును. నడిమి యింటిని కనుగొనవలెనన్న ప్రతి గడపయు ఎక్కవలెను.

అట్లు గడప లెక్కినవారు కొందరు గలరు. నిడుబ్రోలు వాస్తవ్యులు ఎన్.జి. రంగాగారు 1926లో డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థపై ఆంగ్లమున గ్రంథము వెలువరించిరి. పశ్చిమ డెల్టాలోని అనంతవరమును 1974లో పుచ్చలపల్లి సుందరయ్యగారు పరిశీలింపజేసిరి. మూడు దశాబ్దముల పిమ్మట, 2005-06లో, పరిశోధకులు మరల ఆ యూరికే పోయి ఇంటింటి ఆదాయమును లెక్కగట్టిరి. ఒకే యూరిని రెండు తరములలో చూడగలుగుట మన ప్రాంతమునకు దొరకిన అరుదైన భాగ్యము.

ప్రభుత్వపు సర్వేలలో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ముఖ్యముగ ఖర్చు నడిగినది. పల్లెవాడు ఖర్చును జ్ఞాపకముంచుకొనునంతగ రాబడిని జ్ఞాపకముంచుకొనడను తలంపు అందు గలదు. అది కొంత నిజమే. 2018-19లో దేశమున వ్యవసాయ కుటుంబముల నెలసరి ఆదాయము 10,218 రూపాయలని తేలినది గాని, అదియు సరాసరియే. పైగా సేద్యము చేయని కూలి యిండ్లు అందు చేరలేదు. 2011 సామాజికార్థిక గణన వేరొక దారి పట్టినది. ఇంటిలో హెచ్చుగ సంపాదించువానికి నెలకు 5 వేలలోపా, 5 నుండి 10 వేలా, ఆపైనా అని అడిగినది. గ్రామీణ కుటుంబములలో సుమారు నూటికి 74 మొదటి గడిలోనే పడినవి. ఖచ్చితమైన అంకె దొరకకున్నను, నడిమి యింట పెద్ద సంపాదనపరుడు నెలకు 5 వేలు దాటలేదని ఇందువలన స్పష్టమగును.

కాలములను పోల్చుట మరియొక చిక్కు. నాటి జీతమును ధాన్యపు బస్తాలుగ మార్చి చూచుట మన పెద్దల అలవాటు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప ఆ కొలత వదులైనది. నేడు కూలి యింటి భారము బియ్యము కంటె మందులకు, పిల్లల చదువులకు హెచ్చు. వ్యవసాయ కూలీల ధరల సూచికయే కొంత మేలు.

ఇక కౌలుదారుని సంగతి. పంట అతనిది, పట్టా వేరొకరిది. 2011లోను, 2019లోను అతనికి గుర్తింపు నిచ్చుటకు చట్టములు వచ్చినవి. గుర్తింపు కార్డు లేనిచో వరదనాడు నష్టపరిహారము అడంగలులోని పేరును వెదకికొని పోవును.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినపుడు ఉద్యోగులు ఇంటింటికిని దిరిగి నష్టమును వ్రాసికొనిరి. మునిగిన క్రింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు నిర్ణయించిరి. వేలకొలది గడపలు కొలది దినములలో ఎక్కుట సాధ్యమేయని నాడు రుజువైనది. ఆ పాతికవేలు నడిమి యింటికి ఎన్ని నెలల సంపాదనయో చెప్పగల పట్టిక మాత్రము ఆ ఉద్యోగుల చేతిలో లేదు.