బలరాజ్ సాహ్నీ: తెర మీద ఒక భాష, కాగితం మీద మరొకటి

తెలుగు నేలకు వెలుపల తెలుగు చెప్పే మాబోటివాళ్లను విద్యార్థులు ఏటా ఒక ప్రశ్న అడుగుతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో, కొలువుకు ఇంగ్లీషు. ఇన్నింటి నడుమ తెలుగు అక్షరాలు దిద్దుకొని ఏం చేయాలని. సూటిగా జవాబు చెప్పడం మాకు ఎన్నడూ చేతకాలేదు. అందుకు బదులు ఒక నటుని సంగతి చెబుతూ వచ్చాం. ఆయన తెలుగువాడు కాడు. హిందీ నాటకంలోనూ సినిమాలోనూ సుమారు మూడు దశాబ్దాలు పనిచేసిన పంజాబీ, బలరాజ్ సాహ్నీ.

ఆయన 1913 మే 1న రావల్పిండిలో పుట్టారు. ఇంట్లో మాట పంజాబీ. చుట్టూ ఉర్దూ. తండ్రి ఆర్యసమాజీయుడు గనుక హిందీ, సంస్కృతం పట్టుదలగా చెప్పించారు. లాహోర్ గవర్నమెంటు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పూర్తి చేశారు. ఇన్ని భాషలు పట్టుబడినా, అమ్మతో మాట్లాడే పంజాబీని రాయదగిన భాషగా ఆ ఇంట ఎవరూ తలచలేదు. మన ఊళ్లలోనూ ఇటువంటి ఇళ్లు తక్కువేమీ కావు.

1937లో శాంతినికేతనంలో అధ్యాపకుడిగా చేరిన సాహ్నీ అప్పటికే హిందీలో కథలు రాస్తున్నారు. ఒకసారి రవీంద్రనాథ ఠాకూరు, నీవు నీ సొంత భాషలో ఎందుకు రాయవని అడిగారట. హిందీ దేశానికంతటికీ చెందిన భాష కదా అని సాహ్నీ వాదించారు. గురునానక్ పాడిన భాషను చిన్నచూపు చూడవద్దని కవి మందలించారు. ఆ మాట అప్పట్లో తన చెవికెక్కలేదని సాహ్నీయే తరువాత రాసుకొన్నారు. అది చెవికెక్కడానికి పదేళ్లకు పైగా పట్టింది. మా విద్యార్థుల విషయంలో మేము తొందరపడకపోవడానికి ఇదొక కారణం.

కొంతకాలం సేవాగ్రాంలో పనిచేసి, 1939లో లండన్ వెళ్లి బీబీసీ హిందుస్తానీ ప్రసారాలలో దాదాపు నాలుగేళ్లు ఉన్నారు. రేడియో ఆయన గొంతును తీర్చిదిద్దింది గాని, దేహాన్ని మరిపించింది. తిరిగివచ్చి బొంబాయిలో 1943లోనే పుట్టిన ‘ఇప్టా’లో చేరారు. మన ప్రజానాట్యమండలి ఆ కుదురులోనిదే. చేరిన కొత్తలోనే ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసిన ‘జుబేదా’ నాటకానికి దర్శకత్వం మీద పడింది. 1946లో బెంగాలు కరువు మీద ఇప్టా బృందం తీసిన ‘ధర్తీ కే లాల్’లో నటించారు. ఆయన భార్య దమయంతి కూడా అందులో ఉన్నారు. మరుసటి ఏడాదే ఆమె మరణించారు.

ఆ పైన గడ్డురోజులు. కమ్యూనిస్టుగా జైలుకు వెళ్లారు. ‘హల్‌చల్’ అనే చిత్రానికి జైలునుండే షూటింగుకు వెళ్లి వచ్చేవారు. ఆయన అందులో వేసిన వేషం జైలరుది! 1951లో ‘హమ్ లోగ్’ నాటికి కూడా కెమెరా ముందు కాళ్లూ చేతులూ కొయ్యబారిపోయేవట. సహజనటుడని పేరుపడ్డవాని ఆరంభం ఇది. పుట్టుకతో వచ్చే ప్రతిభ అనే మాట మీద మాకు మొదటినుండీ అంత గురి లేదు.

ఆ కొయ్యబారుతనం వదిలినది 1953లో, బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’తో. జమీందారు అప్పు తీర్చి తన రెండు బీఘాల నేలను నిలుపుకోవడానికి కలకత్తా వెళ్లి రిక్షా లాగే శంభు పాత్ర అది. లండన్ నుండి వచ్చిన ఈ ఎం.ఏ. గారు రైతు ఎలా అవుతారని సందేహించినవాళ్లు లేకపోలేదు. సాహ్నీ బొంబాయి శివారు జోగేశ్వరిలో పాలవ్యాపారం చేసుకొనే ఉత్తరప్రదేశ్ వాళ్ల మధ్య తిరిగి వాళ్ల నడక, కూర్చొనే తీరు, తలపాగా చుట్టుకొనే పద్ధతి గమనించారు. కలకత్తాలో రిక్షా లాగడం నేర్చుకొన్నారు. అయినా ధైర్యం చిక్కలేదు. అప్పుడు బీహారు నుండి వచ్చిన ఒక నడివయసు రిక్షాకార్మికుడు పలకరించాడు. సినిమా కథ విని కన్నీళ్లు పెట్టుకొన్నాడు. తన పొలమూ అలాగే తాకట్టులో ఉందన్నాడు. ఆ మనిషిని తనలోకి తెచ్చుకోవడంతో నటన గురించి చదివినదంతా పక్కన పెట్టానని సాహ్నీ తన సినీ ఆత్మకథలో చెప్పారు. ఆ చిత్రానికి 1954లో కాన్ ఉత్సవంలో బహుమతి దక్కింది.

భాషాశాస్త్రం చదువుకొన్నవాళ్లం గనుక మాకు ఆసక్తి కలిగించేది మరొకటి. శంభుది పల్లెటూరి మాట. 1961లో వచ్చిన ‘కాబూలీవాలా’లో పఠాను పలుకు. 1965 నాటి ‘వక్త్’లో కలిగిన పంజాబీ వర్తకుని ధోరణి. ‘గర్మ్ హవా’లో ఆగ్రా ముస్లిముల ఉర్దూ. అన్నింటినీ మనం ‘హిందీ’ అంటాం గాని, ఇవి నాలుగు వేర్వేరు నోళ్లు. సాహ్నీ యాసను అతిచేసి నవ్వించరు. మాట ఎక్కడ ఆపాలి, ఎంతసేపు ఆపాలి అనే దాంట్లో తేడా చూపిస్తారు. పరాయి భాషను చెవితో కష్టపడి పట్టుకొన్నవాడే ఇంత జాగ్రత్తగా పలుకుతాడని మా అభిప్రాయం.

మనవారి ప్రసక్తి కూడా ఇక్కడ ఉంది. 1959లో ‘ఛోటీ బహన్’లో సాహ్నీని అన్నగా చూపించిన దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. ఏలూరు ప్రాంతం నుండి బొంబాయి చేరి, 1931లో తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో చిన్న వేషం వేసిన మనిషి. పుట్టుకతో హిందీవాళ్లు కాని ఇద్దరు కలిసి తీసిన హిందీ కుటుంబకథ అది!

ఇంత పేరు వచ్చాక సాహ్నీ ఠాకూరు మాట దగ్గరికి తిరిగి వచ్చారు. నడివయసులో గురుముఖి లిపి పట్టుబట్టి నేర్చుకొన్నారు. తన మాతృభాష అక్షరాలు తనకు కొత్త! గురుముఖి టైపు యంత్రం కొనుక్కొని, షూటింగు విరామాలలో దాని ముందు కూర్చొనేవారు. ‘ప్రీత్ లడీ’ పత్రికకు రాశారు. 1962లో పాకిస్తాన్ వెళ్లి, రావల్పిండినీ పూర్వీకుల ఊరు భేరానూ చూసి వచ్చి రాసిన యాత్రాకథనం పంజాబీలోనే ఉంది. ఆ పుస్తకం హిందీలో రాసి ఉంటే పాఠకులు ఎక్కువ మంది దొరికేవారు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. తమ్ముడు భీష్మ్ సాహ్నీ హిందీలోనే రాసి, ‘తమస్’ వంటి నవల ఇచ్చారు. ఒకే ఇంటి అన్నదమ్ములు చెరొక దారి పట్టారు. ఎవరిది తప్పు అని మా విద్యార్థులు వాదులాడుకొంటారు. మేము తీర్పు చెప్పం.

చివరి చిత్రం ‘గర్మ్ హవా’. దర్శకుడు మైసూరువాడైన ఎం.ఎస్. సత్యు, కథకు ఆధారం ఇస్మత్ చుగ్తాయ్ రచన. దేశవిభజన తరువాత ఆగ్రాలో చెప్పుల తయారీ నడుపుకొనే సలీం మీర్జాను ఒక్కొక్క బంధువూ విడిచి వెళ్లిపోతుంటాడు. అద్దె ఇల్లు దొరకదు, అప్పు పుట్టదు. వేదికల మీద ఉపన్యాసం చేయగలిగిన నటుడు ఇందులో దాదాపు గొంతెత్తడు. పాకిస్తాన్‌లో ఉండిపోయిన రావల్పిండి ఇంటిని మనసులో మోస్తున్న హిందువు, భారతదేశాన్ని వదలలేని ముస్లిముగా నటించాడన్నది చూస్తున్నంతసేపూ మాకు గుర్తుకు రాదు. బయటికి వచ్చాక గుర్తుకు వస్తుంది.

ఆ పాత్రకు డబ్బింగు ముగించిన మరునాడు, 1973 ఏప్రిల్ 13న, సాహ్నీ గుండెపోటుతో కన్నుమూశారు. అరవై నిండడానికి మూడు వారాలు తక్కువ. సెన్సారు చిక్కులు దాటి ఆ చిత్రం 1974లో విడుదలయింది.