విశాఖతీర మత్స్యములు - అంతర్జాల పటముల ప్రామాణ్యము

విశాఖపట్టణపు మత్స్యములను శాస్త్రరీతిని వర్ణించిన తొలినాటి గ్రంథములలో పాట్రిక్ రస్సెల్ వైద్యుని గ్రంథము ముఖ్యమైనది. ఈతడు అలెప్పోలో వైద్యుడుగా నుండి, 1781లో సోదరుని వెంట విశాఖపట్టణము చేరెను. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడై, 1789లో స్వదేశమునకు మరలెను. రెండువందల మత్స్యముల వర్ణనలును చిత్రములును గల ఆతని గ్రంథము 1803లో లండనున రెండు సంపుటములుగా వెలువడినది. జాలరుల నోట వినిన తెలుగు పేర్లను ఆతడు విడువక వ్రాసికొనుట మన పుణ్యము.

ఆ పేర్లు సముద్రము దాటి లాటిను వేషము వేసినవి. 'తోల్ పార' యను మత్స్యమునకు 1832లో కువియర్ 'తోల్' అను పదమునే జాతినామముగ నొసగెను. స్కాంబరాయిడెస్ తోల్ అని నేటికిని వ్యవహారము. 'పెద్ద మొత్త'కు ఆ భాగ్యము పట్టలేదు. దానిని బట్టి పుట్టిన ఎలకాటే మొత్త యను నామము, లిన్నేయసు 1766లోనే ఉంచిన 'కెనడం' పూర్వమగుటచే త్రోసివేయబడినది. ఆంగ్లలిపిలో త-ట భేదము లేదు గనుక ఆ మాట మొత్తయో మొట్టయో ఆ అక్షరములను బట్టి తేల్చుట కుదరదు. రెండు పేర్లును ఒకే మత్స్యమునవని యెరుగని సమాచారనిధి పటముపై రెండు జాతులను చూపును.

ఊరి పేర్ల చిక్కు ఇంతకంటె గడుసుది. తమిళనాటి ధర్మపురి మండలమున ఇండూరు కలదు. నిజామాబాదునకు పూర్వనామము ఇందూరు. ఆంగ్లమున రెండును ఒకటే. ధర్మపురియు తమిళనాట ఒకటి, తెలంగాణమున గోదావరి యొడ్డున ఒకటి. ఇక పాత చీటిపై 'మద్రాసు' అని మాత్రమే యున్నచో అది రేవుపట్టణమా, గంజాము మొదలు మలబారు వరకు వ్యాపించిన రాజధానియా? రాష్ట్రము పేరు మాత్రమే యున్నపుడు యంత్రము దాని నడిమి బిందువును గ్రహించినచో కడలి మీనము మెట్టనేలపై ఈదవలసివచ్చును!

2000 - 2010 నడుమ జరిగిన సముద్రజీవ గణనమునుండి పుట్టి, 2009లో యునెస్కో సముద్రశాస్త్ర సంఘపు నీడ చేరిన 'ఓబిస్' నిధి నేలపై పడిన బిందువులకు గుర్తు పెట్టును. కాని తప్పు బిందువు నీటిలోనే పడినచో దాని నెవరు పట్టుదురు? అంగడిలో కొన్న చేపకు అంగడి యున్న రేవే జన్మస్థలముగ నమోదగుట అట్టిదే. స్థలనిర్ణయములో ఎన్ని మీటర్ల సందేహమున్నదో తెలుపుటకు ఈ నిధుల పట్టికలలో ఒక గడి కలదు. పాత నమోదులలో అది తరచు ఖాళీగా నుండును. రస్సెల్ చిత్రములను మాత్రము ఇప్పటికిని ఎదుట నుంచుకొని జాతిని మరల పరీక్షింపవచ్చును.